నీళ్ళ దగ్గర కూర్చుంటే మనసు తేలికపడటం నిజమేనా, మన భ్రమా?

#1 గట్టునడక

చాలాకాలంగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఇది. పనిలో టెన్షన్ పెరిగినప్పుడు ఇంట్లో పడుకున్నా, టీవీ పెట్టుకున్నా, వీధుల్లో నడిచినా ఆలోచనలు వెంటే వస్తాయి. అదే చెరువు గట్టు మీద ఓ అరగంట గడిపితే, సమస్య అలాగే ఉంటుంది గానీ దాని పట్టు కాస్త సడలుతుంది. అక్కడ నేను చేసేదేమీ లేదు. తూము దగ్గర నిలబడి చూస్తుంటాను. ఒక ఎండుటాకు సుడిలో పడి గిర్రున తిరుగుతుంది, ఇక మునిగిపోతుందనుకునేసరికి పక్కకి జారిపోతుంది. వెనకే ఇంకోటి వస్తుంది. అంతే.

మా తమ్ముడేమో "పని వదిలేసి ఎక్కడ నిలబడ్డా అలాగే ఉంటుంది, ఇందులో నీళ్ళ గొప్పేముంది" అంటాడు. కొట్టిపారేయలేకపోతున్నాను. దీన్ని ఎవరైనా పద్ధతిగా పరిశీలించారా? మీ అనుభవాలూ చెప్పండి. ఫార్వర్డ్ మెసేజీలు మాత్రం వద్దు, ఇంట్లో గ్రూపులో సరిపడా వస్తున్నాయి.

#2 పాతపేజీ

మీ తమ్ముడు అడిగిందే పరిశోధకులూ అడిగారండీ. 2010లో ఇంగ్లండులో మాథ్యూ వైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం 120 ఫోటోలు చూపించి జనాన్ని మార్కులు వేయమన్నారు. కొన్ని అడవులు, పొలాలు. కొన్ని భవనాలు, వీధులు. వాటిలో సగం ఫోటోల్లో నీళ్ళున్నాయి. ప్రకృతి దృశ్యమైనా, ఊరి దృశ్యమైనా నీళ్ళున్నదానికే ఎక్కువ మార్కులు పడ్డాయి. తమాషా ఏమిటంటే, నీళ్ళున్న కాంక్రీటు దృశ్యాలకి దాదాపు పచ్చటి పొలాలతో సమానంగా వచ్చాయి.

ఫోటోలే కదా అంటారేమో. బ్రిటన్‌లో 'మ్యాపినెస్' అని ఒక ఫోన్ యాప్ నడిచింది. రోజులో ఏదో ఒక వేళ టింగుమని మోగి "ఇప్పుడు ఎంత సంతోషంగా ఉన్నారు, ఎవరితో ఉన్నారు, ఏం చేస్తున్నారు" అని అడుగుతుంది, మనిషి ఎక్కడున్నాడో జీపీఎస్‌తో పట్టుకుంటుంది. 20,000 మందికి పైగా జనం, 10 లక్షలకి పైగా జవాబులు. 2013లో అచ్చయిన ఫలితాల్లో అన్నిటికంటే పైన నిలిచింది సముద్ర తీరం. నగరం మధ్యలో ఉన్నప్పటికంటే 100కి దాదాపు 6 పాయింట్లు ఎక్కువ. వాతావరణం, తోడున్న మనుషులు, చేస్తున్న పని లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాకే ఆ తేడా. పైగా ఒక మనిషిని ఇంకో మనిషితో కాదు, ఆ మనిషినే వేరే సమయంలో ఉన్న తనతో పోల్చారు. మీ తమ్ముడికి నా జవాబు ఇదే.

#3 ఆధారమేది

తమ్ముడి తరఫున వకాల్తా నేను తీసుకుంటాను.

ఒకటి, సముద్రం దగ్గరికి జనం ఎప్పుడు వెళ్తారు? మూడ్ బాగున్నప్పుడు, ప్లాన్ వేసుకుని, మనసైనవాళ్ళతో. అక్కడికి చేరకముందే సగం సంతోషం వచ్చేసి ఉంటుంది. లెక్కల్లో ఎంత సర్దినా ఆ 'వెళ్ళాలనిపించడం' అనేదాన్ని పూర్తిగా తీసేయలేరు.

రెండు, నీటి అంచున ఇల్లు ఉన్నవాళ్ళకి డబ్బూ ఉంటుంది. డబ్బున్నవాడు నిశ్చింతగా ఉన్నాడంటే అందులో అలల ఘనత ఏముంది?

#4 పాతపేజీ

మీరు రాకపోతే ఈ చర్చకి అందం లేదు మాస్టారూ.

డబ్బు సంగతి ముందు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ఇంగ్లండు ఆరోగ్య సర్వేలోని దాదాపు 26,000 మంది వివరాలు చూశారు. తీరానికి కిలోమీటరు లోపు ఉండటానికీ, డిప్రెషన్, యాంగ్జైటీ లక్షణాలు తక్కువగా ఉండటానికీ సంబంధం స్పష్టంగా కనిపించింది ఎవరిలోనో తెలుసా? అతి తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల్లో. మీరు చెప్పినట్టు ఇదంతా డబ్బు మహిమే అయితే ఫలితం ఇలా రాకూడదు కదా.

'వెళ్ళాలనిపించడం' సంగతికి ప్రయోగమే చేశారు. బార్సిలోనాలో 59 మంది ఆఫీసు ఉద్యోగుల్ని ఒక వారం బీచ్ వెంబడి, ఒక వారం నగర వీధుల్లో రోజుకి 20 నిమిషాలు నడిపించారు, ఇంకో వారం ఊరికే కూర్చోబెట్టారు. ఎవరికి ఏ వారం ఏది అన్నది వాళ్ళ ఇష్టం కాదు. బీచ్ నడక తర్వాత మూడ్, ఉత్సాహం మెరుగయ్యాయి. బీపీ, గుండె కొలతల్లో మాత్రం చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు. ఇది 2020లో వచ్చింది.

#5 ఆధారమేది

సరే, ఈ బార్సిలోనా సంగతి నచ్చింది. మేలు కనపడని చోట కనపడలేదని రాశారు, అందుకే నమ్మబుద్ధేస్తోంది. కానీ 59 మంది, వారం వారం. దీని మీద "నీళ్ళు డిప్రెషన్ తగ్గిస్తాయి" అని ఎవరైనా బోర్డు కడితే ఊరుకోను. మూడ్ కాసేపు బాగుండటం వేరు, జబ్బు తగ్గడం వేరు.

#6 వినేచెవి

నేను కౌన్సెలింగ్ వృత్తిలో ఉన్నాను. ఆధారమేది గారు ఆఖర్న రాసిన వాక్యాన్ని అందరూ ఇంకోసారి చదవాలని కోరుతున్నాను.

ఇక ఎందుకలా అనిపిస్తుంది అన్నది. స్టీఫెన్ కప్లాన్, రేచల్ కప్లాన్ అనే అమెరికన్ దంపతులు మనస్తత్వ శాస్త్రవేత్తలు. 1980ల చివర్లో వాళ్ళు పెట్టిన వాదన ఇప్పటికీ ఎక్కువగా వినిపిస్తుంది. మనకి రెండు రకాల ధ్యాస ఉంటుందంటారు. బలవంతాన నిలిపేది ఒకటి: లెక్కలు చూడటం, ట్రాఫిక్‌లో బండి నడపటం, మీటింగులో మాట జారకుండా చూసుకోవడం. ఇది అలిసిపోతుంది. అలిసిపోయినప్పుడే చిరాకు, తప్పులు, అక్కర్లేని ఆలోచనల్ని ఆపలేకపోవడం. రెండోది దానంతటదే అతుక్కునేది. టీవీ కూడా అలా అతుక్కుంటుంది కానీ మొత్తం లాగేసుకుంటుంది, మనకేమీ మిగల్చదు. పారే నీరు, మబ్బులు, గాలికి ఊగే ఆకులు అలా కాదు. చూపుకి పని ఇస్తాయి, మనసుకి చోటు వదులుతాయి.

గట్టునడక గారి ఎండుటాకు సరిగ్గా ఈ కోవలోదే. అది ఎటు పోతుందో చెప్పలేం, అలాగని ఎటు పోయినా మనకి నష్టం లేదు. మనసు కొంచెం ఆసక్తిగా ఉంటుంది, ఏ ప్రమాదమూ ఉండదు. ఒకే బాధని నమిలిన చోటే నమిలే అలవాటున్నవాళ్ళకి ఈ కాస్త సందు దొరకడం చిన్న విషయం కాదు. నా దగ్గరికొచ్చేవాళ్ళలో "కళ్ళు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టండి" అంటే మరింత కంగారుపడేవాళ్ళున్నారు. కళ్ళు తెరిచి నీళ్ళు చూడమంటే తేలిగ్గా కూర్చుంటారు.

#7 హుషారు_హరివిల్లు

అసలు కారణం అది కాదండీ, నెగెటివ్ అయాన్లు, అంటే రుణ విద్యుదావేశం ఉన్న సూక్ష్మ కణాలు! జలపాతాల దగ్గర, అలల దగ్గర గాలిలో కోట్ల కొద్దీ ఉంటాయి. అవి ఊపిరితో లోపలికెళ్ళి మెదడులో మూడ్‌కి సంబంధించిన సెరొటోనిన్ అనే రసాయనాన్ని పెంచుతాయి. నేను ఇంట్లోకి అయాన్ మెషీన్ కూడా కొన్నాను.

#8 ఆధారమేది

వస్తుందనుకుంటూనే ఉన్నాను, వచ్చింది.

నీళ్ళు చిట్లిన చోట గాలిలో విద్యుదావేశం చేరే మాట నిజమే. ఫిలిప్ లెనార్డ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1892లోనే జలపాతాల దగ్గర దాన్ని వివరించాడు. పేచీ ఆ తర్వాతి మెట్టు దగ్గర. అయాన్ల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 2013లో ఒక సమీక్ష వచ్చింది. ఆందోళన, నిద్ర, మామూలు మూడ్ మీద నిలకడైన ప్రభావమేదీ లేదని తేలింది. డిప్రెషన్ లక్షణాలు కొంత తగ్గిన మాట ఉంది, అదీ మెషీన్లతో చాలా ఎక్కువ మోతాదు ఇచ్చినప్పుడు. చెరువు గట్టున కదలకుండా ఉన్న నీటికి ఆ లెక్క ఎలాగూ వర్తించదు. మీ మెషీన్ గాలి కొడుతుంటే హాయిగా ఉంటే వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

#9 ఎత్తరుగు

అందరూ నీళ్ళు హాయి అంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి. మా ఇంట్లోకి వరద నీరు వచ్చింది. ఏళ్ళు గడిచాయి. ఇప్పటికీ రాత్రి వాన చప్పుడు గట్టిగా వినపడితే లేచి లైటు వేసి గుమ్మం దగ్గర నేల తడిగా ఉందేమో చేత్తో తడిమి చూస్తాను. పొడిగానే ఉంటుంది. మళ్ళీ పడుకుంటాను, నిద్ర రాదు. మొన్న బంధువులు సరదాగా నది ఒడ్డుకి తీసుకెళ్తే ఆ మట్టి రంగు నీళ్ళు చూడగానే కడుపులో తిప్పింది. "ఎంత ప్రశాంతంగా ఉందో చూడు" అంటున్నారు పక్కనుంచి.

#10 వినేచెవి

రాసినందుకు థాంక్సండీ. ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. ఇంగ్లండులో 2013-14 చలికాలపు వరదల తర్వాత ఏడాదికి బాధితుల్ని పరిశీలిస్తే, ఇల్లు మునిగినవాళ్ళలో దాదాపు 36 శాతం మందిలో పీటీఎస్‌డీ, అంటే పెద్ద ఆపద తర్వాత మనసుని వదలని భయం తాలూకు లక్షణాలు కనిపించాయి. 28 శాతం మందిలో యాంగ్జైటీ, 20 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు. నీళ్ళు వెనక్కి పోయిన ఏడాదికి కూడా అంతమందికి!

మీలాంటివారికి "నీళ్ళ దగ్గరికి వెళ్తే అదే పోతుంది" అనేవాళ్ళ మాట వినకండి. భయం తగ్గించే చికిత్స ఉంది. ట్రామా మీద శిక్షణ ఉన్న థెరపిస్ట్ దగ్గర, మీరు తట్టుకోగలిగినంత మేరకే, మెట్టు మెట్టుగా జరుగుతుంది. వాన రాత్రుల్లో లేచి నేల తడమాల్సి రావడం ఇన్నేళ్ళయినా ఆగలేదంటే ఒకసారి చూపించుకోవడం మంచిది. ఈలోగా మీకు కొండో, తోటో, గదిలో పుస్తకమో హాయినిస్తే అదే మీకు సరైన చోటు.

#11 గట్టునడక

ఎత్తరుగు గారూ, ఈ వైపు నాకు తట్టనే లేదు. మీరు రాయడం మంచిదైంది.

#12 తలుపుచాటు

ఇక్కడ చదవడమే తప్ప రాయను. ఇవాళ రాస్తున్నాను.

డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. ఇంట్లోవాళ్ళు మంచివాళ్ళే. కానీ రోజూ ఒకటే పాట. "అలా లేక్ దాకా వెళ్ళిరా, ఇంట్లో కూర్చుంటే ఎలా తగ్గుతుంది." వెళ్తాను. బెంచీ మీద కూర్చుంటాను. చుట్టూ అందరూ నవ్వుతుంటారు. నాకేమీ అనిపించదు. ఇంత అందంగా ఉన్నా ఏమీ అనిపించట్లేదంటే నేను పూర్తిగా పాడైపోయాననిపిస్తుంది. ఇంటికొచ్చాక "ఎలా ఉంది ఇప్పుడు?" అని అడుగుతారు. బాగుంది అంటాను. అలా అబద్ధం చెప్పడం నీళ్ళ దగ్గర కూర్చోవడం కంటే కష్టంగా ఉంది.

#13 వినేచెవి

మీరు చెప్పింది అక్షరాలా ఒక పరిశోధనలో ఉంది. 18 దేశాల్లో జరిపిన సర్వే, 2020లో వచ్చింది. డిప్రెషన్, యాంగ్జైటీ ఉన్నవాళ్ళు కూడా చాలావరకు ప్రకృతిలోకి వెళ్తూనే ఉన్నారు, సంతోషం పొందుతూనే ఉన్నారు. కానీ వెళ్ళమని పక్కవాళ్ళ ఒత్తిడి ఉందని అనిపించిన కొద్దీ, వెళ్ళినప్పటి సంతోషం తక్కువగా, ఆందోళన ఎక్కువగా కనిపించింది. వెళ్ళాలనే కోరికా తక్కువే. ప్రేమతో చెప్పినా ఒత్తిడి ఒత్తిడే.

ఇంకో మాట. ఏ మంచి విషయమూ మనసుకి అంటకపోవడం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి. మీరు పాడైపోయారనడానికి రుజువు కాదు. ఇది తప్పకుండా మీ డాక్టరుకి చెప్పండి, మందు మోతాదు చూసుకోవడానికి అది పనికొచ్చే సమాచారం. నీళ్ళ కోసం మందులు ఆపొద్దు, మందులున్నాయి కదా అని నీళ్ళు మానాల్సిన పనీ లేదు.

ఇంట్లోవాళ్ళకి ఒక్కటే చెప్పి చూడండి: "వచ్చాక ఎలా ఉందని అడగొద్దు." కొందరికి ఆ ఒక్క ప్రశ్న ఆగిపోవడంతోనే బెంచీ మీద కూర్చోవడం తేలికవుతుంది.

ఇక్కడ చదివేవాళ్ళందరికీ కలిపి చెప్తున్నాను. చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నప్పుడు ఒంటరిగా నీళ్ళ దగ్గరికి వెళ్ళకండి. మీ దగ్గరి మనిషికి ఆ స్థితి ఉంటే "అలా గాలికి వెళ్ళిరా" అని పంపకండి. వాళ్ళ పక్కనే ఉండండి, ఆ ఆలోచనల గురించి సూటిగా అడగండి, వెంటనే డాక్టరుకి గానీ హెల్ప్‌లైన్‌కి గానీ ఫోన్ కలపండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

#14 తలుపుచాటు

ఆ ఆలోచనలు ఇప్పుడు లేవు. అడగకుండానే చెప్తున్నాను, మీరు కంగారు పడతారని. 'ఎలా ఉందని అడగొద్దు' అన్న మాట మా చెల్లికి ఫార్వర్డ్ చేశాను.

#15 చలిచేప

కొంచెం లేటుగా వచ్చాను. మీరంతా ఒడ్డునే ఆగిపోయారు, నీళ్ళలోకి దిగడం గురించి ఎవరూ మాట్లాడలేదేంటి బ్రో? చన్నీళ్ళ ఈత నా జీవితంలో చాలా మార్చింది. బయటికొచ్చాక గంటల తరబడి ఒంట్లో కరెంటు ఉన్నట్టే ఉంటుంది. డిప్రెషన్ ఉన్న 24 ఏళ్ళ అమ్మాయి చన్నీళ్ళ ఈతతో మందులు మానేసిందని ఒక మెడికల్ జర్నల్‌లో కూడా వచ్చింది.

#16 పాతపేజీ

ఆ కేసు నిజమే, 2018లో బ్రిటన్ వైద్యులు రాశారు. వారానికోసారి ఈత, ప్రతిసారీ వెంటనే మూడ్ మెరుగవ్వడం, ఏడాది తర్వాత కూడా మందులు లేకుండా ఉండటం. అయితే అది ఒకే ఒక్క మనిషి కథ. దాని రచయితల్లో ఒకరైన పోర్ట్స్‌మత్ శాస్త్రవేత్త మైక్ టిప్టన్, చన్నీళ్ళు మనుషుల్ని ఎలా చంపుతాయో దశాబ్దాలుగా చెప్తూ వస్తున్నవాడు. 15 డిగ్రీల లోపు చల్లదనంలోకి ఒక్కసారిగా దిగితే ఏమవుతుందో చలిచేపకి తెలిసే ఉంటుంది. గుండెలో ఎవరో గుద్దినట్టు ఊపిరి గభాల్న లోపలికి పోతుంది. ఆ క్షణంలో నోరు నీటి కింద ఉంటే అంతే సంగతులు. ఆ తర్వాత ఆపుకోలేని ఎగశ్వాస, గుండె దడ. రెండు మూడు నిమిషాల్లో అది సర్దుకుంటుంది. ఈత కొట్టాలని తొందరపడకుండా వెల్లకిలా తేలుతూ ఆ కాసేపు గడపమనేది అందుకే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. నీళ్ళ మేలు గురించి మాట్లాడేచోట ఈ అంకె కూడా ఉండాలి.

#17 చలిచేప

ఒప్పుకుంటున్నాను. నేనెప్పుడూ ఒంటరిగా దిగను, గ్రూపుతోనే. నిజం చెప్పాలంటే ఆ గ్రూపే నాకు సగం మందు అనిపిస్తుంది కొన్నిసార్లు.

#18 ఆధారమేది

మళ్ళీ మొదటికొచ్చాం. ఈత, మనుషులు, చలి, "నేను చేయగలిగాను" అన్న ధీమా. ఇందులో నీళ్ళ వాటా ఎంత? ఒడ్డున నడిచేవాడికైనా అంతే. నడక, వెలుతురు, ఫోన్ జేబులో ఉండటం, పని కనపడకపోవడం. అన్నీ కలిసొస్తాయి.

#19 వినేచెవి

విడదీయాల్సిన అవసరం పరిశోధకులకి ఉంది మాస్టారూ, అలిసిపోయి వచ్చిన మనిషికి లేదు. మనిషిని కదిలించి, ఫోన్ మరిపించి, కాసేపు వెలుతురులో కూర్చోబెట్టగలిగింది ఏదైనా నాకు సమ్మతమే. నీళ్ళకి ఆ పని తేలిగ్గా చేయించే గుణం ఉంది. "వ్యాయామం చెయ్యండి" అంటే కదలనివాళ్ళు "నీళ్ళ దాకా వెళ్ళొద్దామా" అంటే లేస్తారు.

ఎంతసేపు అని ఎవరైనా అడగబోతే: ఇంగ్లండులో దాదాపు 20,000 మంది మీద 2019లో వచ్చిన లెక్కలో, వారం మొత్తానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపినవాళ్ళు ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా ఒకటే.

#20 కిటికీపక్క

మా నాన్నగారు మంచం దిగలేరు. కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనపడదు. ఆయనకి పనికొచ్చేదేమైనా ఉందా?

#21 పాతపేజీ

చేపల తొట్టి. నవ్వకండి. ప్లిమత్‌లోని ఒక పెద్ద ఆక్వేరియంలో ఓ భారీ తొట్టిని బాగుచేసి, మళ్ళీ మెల్లమెల్లగా చేపల్ని వదులుతున్న సమయం చూసుకుని పరిశోధకులు సందర్శకుల గుండె వేగం కొలిచారు. ఉత్త నీళ్ళు, రాళ్ళు మాత్రమే ఉన్నప్పుడు కూడా దాని ముందు కూర్చున్నవాళ్ళ గుండె వేగం తగ్గింది. చేపలు పెరిగేకొద్దీ ఇంకా తగ్గింది, చూస్తూ ఉండిపోయే సమయం పెరిగింది. ఇంట్లో చిన్న తొట్టికి అంత రాదనుకోండి. కానీ రోజంతా గోడ చూసే మనిషికి కదిలేది ఒకటి ఉంటుంది. శుభ్రం చేసే పని మీ నెత్తినే పడుతుంది, అది ముందే ఆలోచించుకోండి.

తొట్టి కుదరకపోతే టీవీలో పగడపు దిబ్బల వీడియోలు. ఎక్సెటర్ వాళ్ళే 2020లో 96 మందికి ముందు పరమ బోరింగ్ వీడియో చూపించి, తర్వాత సముద్రం అడుగు దృశ్యాలు చూపిస్తే, మామూలు టీవీలో చూసినవాళ్ళకి కూడా విసుగు, దిగులు తగ్గాయి.

#22 వినేచెవి

శబ్దాన్ని కూడా వదలకండి. ప్రకృతి శబ్దాల మీద వచ్చిన పరిశోధనల్ని 2021లో కలిపి చూస్తే, ఆరోగ్యానికీ సంతోషానికీ ఎక్కువ మేలు చేసింది నీటి చప్పుడే. చిరాకు, స్ట్రెస్ తగ్గించడంలో పక్షులది పైచేయి. కుళాయి బొట్టు బొట్టుగా పడే చప్పుడు మాత్రం ఈ లెక్కలోకి రాదు, దానికి ఎవరికైనా పిచ్చెక్కుతుంది! ఆగి ఆగి వచ్చేది మనల్ని ఎదురుచూసేలా చేస్తుంది, ఒకే తీరున సాగేదాన్ని చెవి వదిలేస్తుంది. సౌండ్ బాగా తగ్గించి, నాన్నగారిని అడిగి పెట్టండి.

#23 కిటికీపక్క

నిన్న రాత్రి ఫోన్‌లో వాగు చప్పుడు పెట్టాను. మొదట్లో బాగుందన్నారు. కాసేపటికి "అదేమిటమ్మా, మాటిమాటికీ ఒకేచోట టక్కుమంటోంది, ఆ కప్ప కూడా లెక్క పెట్టినట్టు అరుస్తోంది" అన్నారు. వింటే నిజమే, చిన్న ముక్కనే తిప్పి తిప్పి వేస్తోంది యాప్. ఇక ఆయన ఆ టక్కు కోసమే చెవులు రిక్కించి కూర్చున్నారు. అతుకు లేని రికార్డింగు ఎక్కడైనా ఉంటే చెప్పండి.

#24 ఆధారమేది

మీ నాన్నగారు నా పార్టీ. ఏదైనా వాగు దగ్గరికి ఎవరైనా వెళ్తుంటే ఫోన్ ఇచ్చి ఓ గంటసేపు ఆపకుండా రికార్డు చేయించండి, ఫోన్‌కి గాలి తగలకుండా రుమాలు కప్పి. గట్టునడక గారూ, ఆ తూము దగ్గర మీరు ఎలాగూ నిలబడే ఉంటారుగా?

#25 గట్టునడక

పంపిస్తాను. మధ్యలో నా దగ్గు వినపడితే సర్దుకోమనండి.